ఒక్క మెతుకు: జీవం పుట్టుక అన్వేషణపై సింహావలోకనం

1964 డిసెంబరు 1న భువనేశ్వర్‌లో జె.బి.ఎస్. హాల్డేన్ కన్నుమూశాడు. ఇంగ్లండులో పుట్టి, కోరి భారత పౌరసత్వం తీసుకున్న జీవశాస్త్రవేత్త ఆయన. చనిపోయాక తన దేహం వైద్య విద్యార్థుల చదువుకు ఉపయోగపడాలని వీలునామా రాసుకున్నాడు. ఆ ప్రకారమే అది కాకినాడలోని రంగరాయ వైద్య కళాశాలకు చేరింది. కర్బనం, ఉదజని, ఆమ్లజని, నత్రజని, భాస్వరం, గంధకం: మనందరి దేహాల్లాగే ఆ దేహం కూడా ప్రధానంగా ఈ కొద్దిపాటి మూలకాల కూర్పు. ఇవే మూలకాలు రాళ్లలోనూ నీళ్లలోనూ గాలిలోనూ జడంగా పడి ఉంటాయి. మరి వీటికి మొట్టమొదట ప్రాణం ఎలా వచ్చింది? ఈ ప్రశ్నకు రసాయన శాస్త్రం నుంచి జవాబు తీయబోయిన తొలి ఇద్దరిలో హాల్డేన్ ఒకడు.

ఆయన ఆ సంగతి మీద వ్యాసం రాసి వందేళ్లు కావస్తోంది. ఇప్పుడు అదే ప్రశ్న పట్టుకుని మన వ్యోమనౌకలు అంగారకుడి మీద రాళ్లు తొలుస్తున్నాయి, గురుగ్రహపు చందమామ వైపు పయనిస్తున్నాయి. నడిచి వచ్చిన దారిని ఒకసారి వెనుదిరిగి చూస్తే రెండు విషయాలు కనిపిస్తాయి. జీవానికి కావలసిన దినుసులు విశ్వంలో చాలాచోట్ల ఉన్నాయని రుజువైంది. ఆ దినుసులు వంటగా మారిన తీరు మాత్రం ఇంకా పూర్తిగా చేతికి చిక్కలేదు. ఇతర గ్రహాల మీద జీవం ఉందా అన్న ప్రశ్నకు జవాబు ఈ రెండింటి మధ్య దూరంలోనే దాగి ఉంది.

స్వేదజాల నుంచి హంసమెడ సీసా దాకా

మన పెద్దలు ప్రాణులను నాలుగు రకాలుగా చెప్పారు. గర్భం నుంచి పుట్టేవి జరాయుజాలు, గుడ్డు నుంచి వచ్చేవి అండజాలు, నేలను చీల్చుకుని మొలిచేవి ఉద్భిజ్జాలు, చెమట నుంచీ తేమ నుంచీ పుట్టేవి స్వేదజాలు. పేలు, నల్లులు, దోమలు ఈ చివరి కోవలోకి వస్తాయి. గ్రీసులో అరిస్టాటిల్ కూడా కొన్ని ప్రాణులు బురదలోంచి, కుళ్లులోంచి వాటంతట అవే పుడతాయని నమ్మాడు. పేడలో పురుగులు కళ్లముందే కదులుతుంటే అలా నమ్మడంలో వింతేమీ లేదు. నిర్జీవానికీ జీవానికీ మధ్య గోడ అంటూ ఒకటుందని ఆ కాలంలో ఎవరికీ తోచలేదు.

ఆ గోడను కట్టింది ప్రయోగం. 1668లో ఇటలీ వైద్యుడు ఫ్రాన్సిస్కో రెడి మాంసం ముక్కలున్న జాడీల్లో కొన్నిటికి పల్చటి గుడ్డ కట్టాడు, కొన్నిటిని తెరిచి ఉంచాడు. ఈగ వాలిన మాంసంలోనే పురుగులు పట్టాయి. కొద్ది ఏళ్లకే హాలండులో లీవెన్‌హాక్ తన కటకాల కింద సూక్ష్మజీవుల లోకాన్ని చూపించేసరికి పాత వాదం మళ్లీ లేచింది. పురుగుల సంగతి సరే, ఇంత చిన్న ప్రాణులు తమంతట తామే పుడతాయేమోనని. దానికి ముగింపు పలికింది లూయీ పాశ్చర్. హంస మెడలా వంపు తిరిగిన సన్నని గొట్టమున్న సీసాలో రసాన్ని మరిగించి వదిలేశాడు. గాలి లోపలికి వెళ్లగలదు. గాలిలోని దుమ్ము, దాన్ని అంటుకున్న క్రిములు మాత్రం ఆ వంపులో చిక్కుకుపోతాయి. రసం పాడవలేదు. మెడ విరగ్గొడితే పాడైంది. ఈ కృషికి 1862లో ఫ్రెంచి విజ్ఞాన అకాడమీ బహుమతి ఇచ్చింది.

జీవం జీవం నుంచే పుడుతుందని తేలింది. ఆ వెంటనే ఇంకో చిక్కు వచ్చిపడింది. అయితే మొట్టమొదటి జీవం దేని నుంచి పుట్టింది?

గోడకు ఒక పక్క బీట అప్పటికే పడి ఉంది. 1828లో జర్మన్ రసాయనవేత్త ఫ్రెడరిక్ వోలర్ మూత్రంలో ఉండే యూరియాను ఏ జంతువు మూత్రపిండమూ అక్కర లేకుండా గాజు పాత్రలో తయారు చేశాడు. 1871లో చార్లెస్ డార్విన్ తన మిత్రుడు హుకర్‌కు రాసిన ఉత్తరంలో ఒక ఊహ చేశాడు. అమ్మోనియా, ఫాస్ఫేటు లవణాలు, వెలుతురు, వేడిమి, విద్యుత్తు కలగలిసిన చిన్న వెచ్చని కొలనులో ప్రోటీను ఏర్పడి ఉండవచ్చునని. ఈ రోజుల్లో అలాంటి పదార్థం పుడితే బతికున్న ప్రాణులు వెంటనే దాన్ని మింగేస్తాయనీ, ప్రాణులు పుట్టకముందు అలా మింగేవాళ్లు లేరనీ కూడా అన్నాడు. ఉత్తరంలో నాలుగు మాటలే. కానీ తర్వాతి శతాబ్దపు పరిశోధనంతటికీ విత్తనం అక్కడే పడింది.

పల్చటి వేడి చారు

1924లో మాస్కోలో అలెగ్జాండర్ ఒపారిన్ ఒక చిన్న పుస్తకం వెలువరించాడు. దాని గురించి తెలియకుండానే 1929లో హాల్డేన్ తన వ్యాసం రాశాడు. ఇద్దరి వాదమూ దాదాపు ఒకటే. నేటి గాలిలో ఆమ్లజని ఉంది. ఇనుముకు తుప్పు పట్టించినట్టే అది కర్బన పదార్థాలనూ తినేస్తుంది. ఆదిలో భూమి మీది గాలిలో ఆమ్లజని లేదు; ఇప్పుడున్న ఆమ్లజని ఆ తర్వాతి జీవులు వదిలినదే. ఆమ్లజని లేదు కనుక ఓజోను పొరా లేదు, సూర్యుడి అతినీలలోహిత కిరణాలు నేరుగా నీటిని తాకేవి. ఆ శక్తితో చిన్న అణువులు కలిసి పెద్దవై, తినేవాళ్లు లేక కోట్ల ఏళ్ల పాటు పేరుకుపోయి, సముద్రం పల్చటి వేడి చారులా తయారైందని హాల్డేన్ ఊహించాడు. ఇద్దరూ మొదటిసారి కలుసుకున్నది 1963లో, అమెరికాలోని ఫ్లోరిడాలో జరిగిన సదస్సులో. ఈ ఊహ తనకన్నా ముందు ఒపారిన్‌దేనని హాల్డేన్ అక్కడ నిండు మనసుతో ఒప్పుకున్నాడు.

ఆ 1929లోనే హార్వర్డులో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, సైరస్ ఫిస్కేతో కలిసి కండరాల్లో భాస్వరం ఉన్న ఒక పదార్థాన్ని గుర్తించాడు. జర్మనీలో కార్ల్ లోమన్ కూడా అదే ఏడాది విడిగా దాన్ని కనుగొన్నాడు. అదే ఏటీపీ. కణంలో శక్తి ఈ నాణెం రూపంలోనే చేతులు మారుతుంది. తాడిచెట్టులోనూ, తేనెటీగలోనూ, పెరుగులోని బాక్టీరియాలోనూ, మనలోనూ చెల్లేది ఈ నాణెమే. సుబ్బారావు జీవం పుట్టుక కోసం వెతకలేదు. అయినా ఆయనకు దొరికినది ఆ కథలో గట్టి సాక్ష్యంగా నిలిచింది. ఇంత వైవిధ్యమున్న ప్రాణులన్నీ ఒకే నాణెం వాడుతున్నాయంటే, అవన్నీ ఒకే పూర్వీకుడి వారసులై ఉండాలి.

చికాగో సీసా

ఊహను ప్రయోగంగా మార్చింది ఒక విద్యార్థి. చికాగో విశ్వవిద్యాలయంలో నోబెల్ గ్రహీత హెరాల్డ్ యూరీ దగ్గర చదువుతున్న స్టాన్లీ మిల్లర్ ఒక గాజు పరికరం అమర్చాడు. కింద మరిగే నీరు సముద్రం. పైన మీథేన్, అమ్మోనియా, ఉదజని నిండిన సీసా వాతావరణం. దాంట్లో మెరుపుల బదులు విద్యుత్ మిణుగురులు. కొద్ది రోజుల్లో నీరు గులాబి రంగుకు తిరిగింది, వారానికి ముదురు ఎరుపైంది. పరీక్షిస్తే గ్లైసిన్, అలనిన్ వంటి అమైనో ఆమ్లాలు దొరికాయి. ప్రోటీన్లు అల్లుకునే పోగులివే. ఫలితాలు 1953 మేలో అచ్చయ్యాయి. తన పేరుంటే ఘనతంతా తనకే పోతుందని యూరీ ఆ పత్రంలో తన పేరు చేర్చనివ్వలేదు. గురువు అంటే అలా ఉండాలి. అంతకు మూడు వారాల ముందే డీఎన్‌ఏ జంట మెలికల నిర్మాణం అచ్చులోకి వచ్చింది. ఒకే వసంతంలో జీవానికి సంబంధించిన రెండు తలుపులు తెరుచుకున్నాయి.

ఆ తర్వాత దశాబ్దమంతా పంట చేతికొచ్చిన కాలం. హువాన్ ఓరో హైడ్రోజన్ సయనైడ్ అనే విషం నుంచి డీఎన్‌ఏ అక్షరాల్లో ఒకటైన అడెనిన్‌ను రాబట్టాడు. శ్రీలంకలో పుట్టి మద్రాసు విశ్వవిద్యాలయంలో తత్వశాస్త్రం చదివిన సిరిల్ పొన్నంపెరుమ, 1963లో కార్ల్ సేగన్ తదితరులతో కలిసి అతినీలలోహిత కాంతి సాయంతో ఏటీపీనే తయారు చేశాడు. సుబ్బారావు కండరంలో చూసిన నాణెం, కండరమన్నది లేకుండానే గాజు పాత్రలో ముద్రితమైంది. అలహాబాదులో కృష్ణ బహదూర్ సూర్యకాంతిలో పెట్టిన రసాయన ద్రావణాల్లో ఏర్పడ్డ సూక్ష్మ గోళాలకు ‘జీవాణు’ అని పేరు పెట్టాడు. అవి బతికున్నవేనన్న మాటను శాస్త్రలోకం ఒప్పుకోలేదు. కానీ అణువులు పోగుపడితే చాలదు, వాటి చుట్టూ ఒక గూడు కూడా కావాలన్న ఆయన పట్టుదల ఈనాటికీ సరైనదే.

1969 సెప్టెంబరు 28న ఆస్ట్రేలియాలోని మర్చిసన్ ఊరి దగ్గర ఒక ఉల్క పడింది. పొన్నంపెరుమ బృందం దాంట్లో అమైనో ఆమ్లాలు చూసింది. భూమి మీది ప్రాణులు వాడనివి కూడా వాటిలో ఉన్నాయి కనుక, అవి ఇక్కడి మట్టి అంటుకుని వచ్చినవి కావు. ఆ తర్వాత ఆదిభూమి గాలి మిల్లర్ అనుకున్నంతగా మీథేన్, అమ్మోనియాలతో నిండి లేదని, బొగ్గుపులుసు వాయువు, నత్రజని ఎక్కువని భూగర్భ శాస్త్రజ్ఞులు తేల్చారు. మిల్లర్ సీసా ఆదిభూమికి అచ్చమైన నకలు కాదని ఒప్పుకోవాల్సి వచ్చింది. అయితే ఆకాశం నుంచి రాలిన రాయి అసలు విషయాన్ని నిలబెట్టింది. ఈ దినుసులు పుట్టడానికి భూమి లాంటి చోటు కూడా తప్పనిసరి కాదు.

చెట్టు ముందా, విత్తు ముందా

అసలు కష్టం ఇక్కడ మొదలైంది. ప్రోటీన్ల తయారీకి డీఎన్‌ఏలో రాసిన సూచనలు కావాలి. డీఎన్‌ఏ నకలు తీయడానికి ప్రోటీన్లు కావాలి. ఏది ముందు? 1960ల చివర కార్ల్ వోస్, ఫ్రాన్సిస్ క్రిక్, లెస్లీ ఆర్గెల్ ముగ్గురూ విడివిడిగా ఒక మూడో దారి చూపారు. రెండు పనులూ చేయగలది ఆర్‌ఎన్‌ఏ అయి ఉండాలని. 1980ల మొదట్లో థామస్ చెక్, సిడ్నీ ఆల్ట్‌మన్ తమ తమ ప్రయోగశాలల్లో రసాయన క్రియలు జరిపే ఆర్‌ఎన్‌ఏను నిజంగానే కనుగొని 1989లో నోబెల్ అందుకున్నారు. 1986లో వాల్టర్ గిల్బర్ట్ ఆ ఆదికాలానికి ‘ఆర్‌ఎన్‌ఏ లోకం’ అని పేరుపెట్టాడు.

అంతకన్నా బలమైన రుజువు మన కణాల్లోనే దాగి ఉంది. ప్రోటీన్లు అల్లే మగ్గం రైబోజోమ్. 2000 ప్రాంతంలో థామస్ స్టైట్జ్, అడా యోనాథ్, చిదంబరంలో పుట్టిన వెంకట్రామన్ రామకృష్ణన్‌ల బృందాలు దాని నిర్మాణాన్ని అణువణువునా గీసి చూపాయి. పోగును పోగుతో ముడివేసే చోట పని చేస్తున్నది ప్రోటీను కాదు, ఆర్‌ఎన్‌ఏ. ఇంటికి ఎన్ని మార్పులు చేసినా పాత పునాది రాయి కదలకుండా ఉన్నట్టు, ఆ పురాతన అణువు ప్రతి కణంలోనూ ఇప్పటికీ కూర్చుని ఉంది.

అయితే ఆ ఆర్‌ఎన్‌ఏ తానై ఎలా పుట్టింది? ముక్కలను విడివిడిగా చేసి అతికించబోయిన వాళ్లంతా దశాబ్దాలు విఫలమయ్యారు. 2009లో ఇంగ్లండులో జాన్ సదర్లాండ్ బృందం ఆ ముక్కల జోలికి పోకుండా మరో దారిలో, మరింత సాదా పదార్థాల నుంచి మొదలుపెట్టి ఆర్‌ఎన్‌ఏ అక్షరాల్లో రెండింటిని సాధించింది. హార్వర్డులో జాక్ షోస్టాక్ కొవ్వు పొరల బుడగల్లో ఆర్‌ఎన్‌ఏను ఉంచి, ఆ బుడగలు పెరిగి చీలేలా చేశాడు. అక్షరాలున్నాయి, గూడు ఉంది. కానీ ఏ సాయమూ లేకుండా తన నకలు తానే తీసుకుంటూ, మారుతూ, తరాలుగా సాగే వ్యవస్థ మాత్రం ఇంకా ఎవరి పాత్రలోనూ తలెత్తలేదు.

పొయ్యి ఎక్కడ?

1977లో ఆల్విన్ అనే జలాంతర్గామి గలాపగోస్ దీవుల దగ్గర, రెండున్నర కిలోమీటర్ల లోతున, వేడినీటి ఊటల చుట్టూ వెలుతురు సోకని ప్రాణుల ఊరినే చూసింది. అక్కడి జీవానికి ఆధారం భూగర్భం నుంచి వచ్చే రసాయనాలు. దాంతో జీవం ఆ లోతుల్లోనే పుట్టిందేమోనన్న ఆలోచన పుట్టింది. ముఖ్యంగా ఉదజని ఊరే క్షార ఊటల రాతి రంధ్రాల్లో, లోపలి నీటికీ బయటి సముద్రానికీ మధ్య ఉండే తేడాయే తొలి ఇంధనమని మైకేల్ రసెల్ వాదించాడు. నేటి కణాలు కూడా అలాంటి తేడాతోనే ఏటీపీని ముద్రించుకుంటాయి. రెండో పక్షం వాళ్లు సముద్రపు నీటిలో అన్నీ పలచబడిపోతాయంటారు. అగ్నిపర్వతాల పక్కన వేడి కుంటలు ఎండుతూ తడుస్తూ ఉంటేనే అణువులు దండలుగా గుచ్చుకుంటాయని డేవిడ్ డీమర్ చూపాడు. డార్విన్ కొలను మళ్లీ బతికింది.

ఈ వాదం ఉత్త పండితుల తగాదా కాదు. ఊటలే పొయ్యి అయితే, మంచుపొర కింద సముద్రమున్న చందమామలన్నీ ఆశ పెట్టుకోదగ్గ చోట్లే. ఎండే కుంటలే పొయ్యి అయితే, పొడినేల ఎరగని ఆ సముద్రాల్లో జీవం ఎన్నటికీ పుట్టదు. అప్పుడు ఒకనాటి సరస్సుల జాడలున్న అంగారకుడే మనకు మిగిలిన ఆశ.

గడపగడపకూ

1976లో వైకింగ్ నౌకలు అంగారకుడి మట్టిని పరీక్షించాయి. ఒక పరీక్షలో జీవం ఉన్నట్టే స్పందన వచ్చింది, కర్బన అణువుల పరీక్షలో మాత్రం ఏమీ దొరకలేదు. మట్టి రసాయనాల ప్రభావమేనని ఎక్కువ మంది తేల్చుకున్నారు. 2024లో పర్సివరెన్స్ రోవర్ జెజెరో బిలంలో చిరుత మచ్చల్లాంటి గుర్తులున్న రాయిని తొలిచింది. భూమి మీద అలాంటి ఇనుప ఖనిజాలు తరచు సూక్ష్మజీవుల పనివల్ల ఏర్పడతాయి. 2025 సెప్టెంబరులో వివరాలు వెలువడ్డాయి. జీవం లేకుండానూ అవి ఏర్పడే దారులున్నాయి కనుక, ఇంతకు మించి ఇప్పుడేమీ అనలేం.

శని చుట్టూ తిరిగే ఎన్‌సెలడస్ 500 కిలోమీటర్ల వ్యాసమున్న చిన్న చందమామ. దాని మంచుపొర పగుళ్ల నుంచి చిమ్మే నీటిని కసీని నౌక 2005లో చూసింది. ఆ చిమ్ములో ఉదజని ఉందని 2017లో, ఫాస్ఫేట్లు ఉన్నాయని 2023లో తెలిసింది. భాస్వరం దొరకదేమోనన్న బెంగ అలా తీరింది. గురుడి చందమామ యూరోపా వైపు 2024 అక్టోబరులో యూరోపా క్లిప్పర్ బయల్దేరింది.

జీవమే ఆకాశం నుంచి రాలుతోందేమోనన్న ప్రశ్న మన హైదరాబాదు నుంచీ లేచింది. ఖగోళ శాస్త్రవేత్త ఫ్రెడ్ హోయిల్ శిష్యుడు జయంత్ నార్లీకర్ ప్రోద్బలంతో ఇస్రో 2001, 2005లలో ఇక్కడి నుంచి బెలూన్లు ఎగరేసి, 41 కిలోమీటర్ల ఎత్తు దాకా గాలి నమూనాలు తీసింది. కణ, అణు జీవశాస్త్ర కేంద్రం (సీసీఎంబీ) పరీక్షల్లో పాలుపంచుకుంది. అంతకుముందు ఎవరికీ తెలియని మూడు బాక్టీరియా జాతులు దొరికాయని 2009లో ప్రకటించారు. ఒకదానికి హోయిల్ పేరు పెట్టారు. అవి పైనుంచే వచ్చాయని దీంతో రుజువు కాదని ఇస్రోనే స్పష్టం చేసింది. కోరుకున్న జవాబు దక్కకపోయినా దొరికినదాన్ని దొరికినంతే చెప్పడం ఈ శాస్త్రానికి ప్రాణం.

2023 సెప్టెంబరులో బెన్ను గ్రహశకలం నుంచి 121.6 గ్రాముల మట్టి భూమికి చేరింది. జీవం వాడే 20 అమైనో ఆమ్లాల్లో 14, డీఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏల అయిదు అక్షరాలు అందులో ఉన్నాయని 2025 జనవరిలో ప్రకటించారు. ఆ అమైనో ఆమ్లాల్లో, రెండు చేతుల్లా ఒకదానికొకటి అద్దంలో ప్రతిబింబంలా ఉండే రూపాలు, అంటే ఎడమచేతివీ కుడిచేతివీ, దాదాపు సమానం. మన ప్రాణులు ప్రోటీన్లలో ఎడమచేతివే వాడతాయి. దినుసుకూ వంటకూ ఉన్న తేడా ఆ గుప్పెడు మట్టిలో కళ్లకు కట్టింది.

ఒక్క మెతుకు

1995లో సూర్యుడి లాంటి మరో నక్షత్రం చుట్టూ తిరిగే గ్రహాన్ని మిషెల్ మేయర్, డిడియే కెలో కనుగొన్నారు. 2025 నాటికి అలాంటి గ్రహాల లెక్క 6,000 దాటింది. కేంబ్రిడ్జిలో నిక్కు మధుసూదన్ బృందం 124 కాంతి సంవత్సరాల దూరంలోని కె2-18బి గాలిలో, భూమి మీద సముద్రపు నాచు వదిలే వాయువు జాడ కనిపించిందని 2025 ఏప్రిల్‌లో చెప్పింది. ఆ సంకేతం బలహీనమని ఇతర బృందాలు అభ్యంతరం చెప్పాయి. మన పాలపుంతలోనే నక్షత్రాలు పదివేల కోట్లకు పైమాటే కనుక జీవం ఉండి తీరుతుందని చాలామంది అంటారు. చోట్లు ఎన్నున్నాయన్నది లెక్కలో సగమే. ఒక్కో చోట జీవం పుట్టే అవకాశం ఎంతన్నది మిగతా సగం. అది తెలియనిదే హెచ్చవేత కుదరదు.

అక్కడే పెద్దలు విడిపోయారు. 1970లో జాక్ మోనో మనం విశ్వంలో ఒంటరులమని, జీవం ఒక అరుదైన యాదృచ్ఛికమని రాశాడు. 1995లో క్రిస్టియన్ డి దూవ్ సరైన పరిస్థితులుంటే జీవం పుట్టి తీరుతుందన్నాడు. ఇద్దరూ నోబెల్ గ్రహీతలే, ఇద్దరి ముందూ ఉన్న సాక్ష్యం ఒకటే.

అన్నం ఉడికిందో లేదో చూడటానికి ఒక్క మెతుకు నలిపితే చాలంటాం. ఆ మెతుకు ఎసట్లో మిగతా మెతుకులతో కలిసి ఉడికిందని తెలుసు కనుక ఆ మాట చెల్లుతుంది. భూమి మీది జీవం మన చేతిలో ఉన్న ఒకే ఒక్క మెతుకు. అది నిండు కుండలోదో, గాలికి కొట్టుకొచ్చి పడ్డ ఒంటరి గింజో దాన్ని ఎంత నలిపినా తెలియదు.

అయినా ఆ మెతుకు కొన్ని సంగతులు చెబుతుంది. భూమి వయసు 454 కోట్ల ఏళ్లు. ఆస్ట్రేలియాలోని పిల్బరా శిలల్లో 348 కోట్ల ఏళ్ల నాటి సూక్ష్మజీవుల జాడలున్నాయి. ప్రాణులన్నిటి ఉమ్మడి పూర్వీకుడు 420 కోట్ల ఏళ్ల కిందటే ఉన్నాడని 2024లో ఒక అంచనా వచ్చింది. అదే నిజమైతే, జీవం తొందరగానే పుట్టింది. కడప జిల్లా వేంపల్లె పేరుతో పిలిచే శిలాస్తరాల్లో సూక్ష్మజీవుల చాపలు పొరలు పొరలుగా గట్టిపడ్డ గుర్తులు సుమారు 190 కోట్ల ఏళ్ల నాటివి. భూమి చరిత్రలో సగం దాటినా ఈ నేల మీద రాజ్యం వాటిదే. అందువల్ల నాకు ఎక్కువ నమ్మకంగా తోచేది ఇది: ఇతర గ్రహాల మీద జీవం ఉంటే, అది తొంభై పాళ్లు రాతిని అంటిపెట్టుకున్న ఇలాంటి పాచే. మాట్లాడే జీవుల కోసం చెవులు రిక్కించేవాళ్లు చాలాకాలం నిరీక్షించాల్సి రావచ్చు.

కావలసింది రెండో మెతుకు. ఎన్‌సెలడస్ నీటిలో ఏటీపీ కాని మరో నాణెంతో, కుడిచేతి అమైనో ఆమ్లాలతో నడిచే ఒక్క సూక్ష్మజీవి దొరికితే చాలు. ఒకే సూర్యుడి కింద జీవం రెండుసార్లు విడిగా పుట్టిందంటే, విశ్వమంతటా అది మామూలు విషయమే. అదే అంగారకుడి మీద మన నాణెమే, మన ఎడమచేతివాటమే కనిపిస్తే అంత ధీమా కుదరదు. ఉల్కలై ఎగిరిన రాళ్లు ఆ గ్రహం నుంచి భూమికి వస్తూనే ఉన్నాయి. అది మన చుట్టమే కావచ్చు. నీళ్లుండీ ఎక్కడా ఏమీ దొరక్కపోతే, ఆ శూన్యం కూడా మోనో వైపు తూగే సాక్ష్యమే అవుతుంది.

1929 వ్యాసంలో హాల్డేన్ తన మాటలను తానే కట్టడి చేసుకున్నాడు. ప్రయోగశాలలో జీవాన్ని తయారు చేసేదాకా ఇవన్నీ ఊహలేనని, ఆ గమ్యం చాలా దూరమని రాశాడు. ఆ షరతు ఇంకా తీరలేదు. కానీ ఆయన ఆ వ్యాసం రాసేనాటికి భూమి దాటిపోయే నౌక ఒక్కటీ లేదు. ఇప్పుడు ఆ షరతును తీర్చడానికి రెండో దారి తెరుచుకుంది: మనం జీవాన్ని తయారు చేయలేకపోయినా, ప్రకృతి మరోచోట చేసి పెట్టినదాన్ని వెళ్లి చూడవచ్చు. ఆ గడపలు ఒక్కొక్కటీ ఓపికగా తట్టడమే మన తరానికి మిగిలిన పని.